యూద కథోలిక శబ్దములు - జాషువకవి

వినుకొండలో 1895వ సంవత్సరమున జన్మించిన గుఱ్ఱం జాషువను క్రైస్తవకవి యనుట కలదు. పేరు హెబ్రీయము, మతము క్రైస్తవము, 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారము లభించినది. ఐనను నీ విశేషణము కవిహృదయము నెంతవఱకుఁ దెలుపును? మతనామము లన్నియు నొక్కతీరున నర్థ మీయవు. ఆంగ్లమందలి జ్యూ, కాథలిక్ అను శబ్దములే యిందుకు నిదర్శనములు.

కాథలిక్ శబ్దమునకు మూలమగు గ్రీకుపదమునకు సార్వత్రికమని యర్థము. అట్టి పదము క్రమముగా రోమాపీఠమునకు లోఁబడిన యొక సంఘమునకుఁ బేరయ్యెను. జ్యూ శబ్దమో, యూదాగోత్రమునుండి పుట్టి, దేశదేశములఁ జెదరిన జనమున కెల్లఁ బేరయ్యెను. దేవుని నమ్మని యూదుఁడన్నచో నాంగ్లమున విరుద్ధోక్తి గాదు. దేవుని నమ్మని కథోలికుఁడన్నచో వినువాఁడు సందేహించును. జ్ఞానస్నానముద్ర యెన్నఁడును జెఱఁగదని కథోలికసంఘము చెప్పునుగాని, యా ముద్ర సంస్కారమువలన వచ్చినది, జన్మమువలన వచ్చినది గాదు.

ఈ భేద మొకప్పుడు ధర్మాసనమున కెక్కెను. పోలండున యూదకుటుంబమునఁ బుట్టి కథోలికసన్న్యాసియైన ఆస్వాల్డ్ రూఫైసెన్, జన్మముచేఁ దాను యూదుఁడనే యని, యూదుల పునరాగమనశాసనము ననుసరించి యిశ్రాయేలు పౌరసత్వము గోరెను. ఆ శాసనమునకు సంబంధించినంతవఱకు మతాంతరము స్వీకరించినవాఁడు యూదుఁడు గాఁడని 1962లో నచటి యున్నతన్యాయస్థానము తీర్పు చెప్పెను. జన్మమాత్రమున నాతనికి యూదనామము దక్కలేదు.

తెలుఁగునాట క్రైస్తవశబ్దముగతి వేఱు. అది మతమును మాత్రమే చెప్పును. ఊరు మాత్రము జన్మమును మఱవదు. 1950 నాఁటి రాష్ట్రపతి యుత్తరువు, దాని సవరణలతోఁగూడ, హిందూ సిక్కు బౌద్ధేతరులకు షెడ్యూల్డుకులములలోఁ జోటీయదు. శాసనము మతముఁ జూచి వెలుపల నుంచినవానిని ఊరు కులముఁ జూచి వెలుపల నుంచును.

ఈ రెంటి నడిమి బాధ తెలిసినఁగాని 'గబ్బిలము' బోధపడదు. 1941 నాఁటి యా కావ్యమున నాయకుఁడు క్రైస్తవుఁడు గాఁడు, అరుంధతీసుతుఁడు. గుడిలోఁ దనకు లేని ప్రవేశము గబ్బిలమునకుఁ గలదు గనుక, దానిచేతఁ గాశీవిశ్వేశ్వరునికి మొఱ పంపినాఁడు. క్రైస్తవుఁడైన కవి శివునితో మొఱవెట్టించుట మతదృష్టికి వింతగాఁ దోఁచును. జన్మదృష్టికి వింత గాదు. కావున జాషువను క్రైస్తవకవి యనుట యసత్యము గాదు, అసమగ్రము. 'క్రీస్తు చరిత్ర'కుఁ జాలిన యా పేరు 'గబ్బిలము'నకుఁ జాలదు.