ఎక్స్ ఎవరికి?

త్రిభుజం లెక్కలో పిల్లలు ఆగిపోయేది సమీకరణం రాయకముందే. ఎక్స్ అనే పేరు ఏ కోణానికి పెట్టాలో తేలక పెన్సిలు కొరుకుతూ కూర్చుంటారు. గురుగ్రామ్‌లో మా అపార్ట్‌మెంట్ తెలుగు పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెబుతాను కాబట్టి ఈ మాట గట్టిగానే అనగలను.

ఒక లెక్క చూడండి. రెండో కోణం మొదటిదానికి రెట్టింపు, మూడోది మొదటిదానికంటే 20 డిగ్రీలు ఎక్కువ. మొదటిదాన్ని ఎక్స్ అనుకుంటే నాలుగు ఎక్స్‌లూ ఇంకో 20 కలిపి 180. ఎక్స్ 40. కోణాలు 40, 80, 60. అందరూ ఇలాగే చేస్తారు. నేను మాత్రం ‘‘ఇప్పుడు మూడోదాన్ని ఎక్స్ అనుకుని చెయ్యండి’’ అంటాను. మూతులు ముడుస్తారు. ఈసారి మొదటిది ఎక్స్‌కి 20 తక్కువ, రెండోది రెండు ఎక్స్‌లకి 40 తక్కువ. అన్నీ కలిపితే నాలుగు ఎక్స్‌లలోంచి 60 పోగా 180. ఎక్స్ 60. ఎక్స్ మారింది, త్రిభుజం అదే. ఇలా రెండుసార్లు చేసినవాళ్లు, పరీక్షలో పెద్ద కోణం ఎంతని అడిగితే ఎక్స్ విలువ రాసేసి పేజీ తిప్పెయ్యరు.

బొమ్మ చూసి ‘‘ఇది 90 లాగే ఉంది కదా ఆంటీ’’ అంటే మాత్రం ఊరుకోను. రెండో కోణం మొదటిదానికంటే 100 ఎక్కువ, మూడోది 95 ఎక్కువ అని చెప్పండి, ఎవరో ఒకరు ఏదో బొమ్మ గీసేస్తారు. సమీకరణానికి ఆ మొహమాటం లేదు. మూడు ఎక్స్‌లూ 195 కలిపి 180, కాబట్టి ఎక్స్ మైనస్ 5. అలాంటి త్రిభుజమే లేదు.

ఒక ఆదివారం అందరినీ యెల్లో లైన్ మెట్రో ఎక్కించి పటేల్ చౌక్‌లో దింపాను. అక్కడికి దగ్గర్లోనే జంతర్ మంతర్. 1724లో సవాయి జైసింగ్ కట్టించిన ఆ వేధశాలలో సమ్రాట్ యంత్రం అంటే నిలబెట్టిన లంబకోణ త్రిభుజమే. దాని వాలు అంచు ఆకాశంలోని ఉత్తర ధ్రువం వైపు గురిపెట్టి ఉంటుంది కాబట్టి, నేలతో అది చేసే కోణం ఢిల్లీ అక్షాంశమే: 28 డిగ్రీల 37 నిమిషాలు. ఇక్కడ ఎక్స్ అంటే ఊరన్నమాట. ఒక కోణం 90, ఒకటి ఎక్స్, పై కోణం 90లోంచి ఎక్స్ తీసెయ్యగా మిగిలింది, అంటే 61 డిగ్రీల 23 నిమిషాలు. మూడూ కలిపి రెండు లంబకోణాలన్నది యూక్లిడ్ మొదటి పుస్తకంలో 32వ ప్రతిపాదన. ఆ గ్రంథాన్ని అరబ్బీ నుంచి జగన్నాథ సమ్రాట్ చేత ‘రేఖాగణితం’ పేరుతో సంస్కృతంలోకి తెప్పించిందీ ఈ జైసింగే.

ఇదే యంత్రాన్ని వాళ్ల అమ్మమ్మగారి విజయవాడలో కడితే ఎలా ఉంటుందో పిల్లలే లెక్కేశారు. కింద 16 డిగ్రీల 30 నిమిషాలు, పైన 73 డిగ్రీల 30 నిమిషాలు. ఢిల్లీకంటే బాగా చదునైన వాలు. ఏడో క్లాసు పిల్ల ఒకతి ఇంకా కిందికి దిగింది: ‘‘భూమధ్యరేఖ మీద కడితే?’’ పక్కవాడు టికెట్ వెనక రాసి చూశాడు. ఎక్స్ సున్నా, పైన 90. వాలు నేలకు సమాంతరమైపోతుంది, కట్టడానికి త్రిభుజమే ఉండదు.