పడుగు పేకల నడుమ గణితం

చేనేత వస్త్రాన్ని గురించిన విమర్శ సాధారణంగా రంగుల వద్ద మొదలై రంగుల వద్దనే ముగుస్తుంది. నేతగాని చేతిని కీర్తించినంతగా అతని లెక్కను గుర్తించిన సందర్భాలు అరుదు. ఈ లోటు ఎంతటిదో తెలియడానికి పోచంపల్లి, పుట్టపాక గ్రామాల చిటికి నేత ఒక్కటే చాలు.

కలంకారీలో బట్ట నేసిన పిదప బొమ్మ పుడుతుంది. చిటికి నేతలో బట్ట ఇంకా లేనప్పుడే, విడి పోగుల మీద, బొమ్మ నిర్ణయమైపోతుంది. రంగు అంటకూడని చోట్లను బిగించి కట్టి నూలును అద్దకంలో ముంచుతారు. ఏ పోగు ఏ పోగును ఎక్కడ దాటుతుందో ముందే లెక్కించనిదే ఇది సాధ్యం కాదు.

పేక నూలును సిద్ధపరచే ఆసు ఈ లెక్కకు తొలి మెట్టు. ఒక కొసన ఒంటి మేకు, ఎదుట అర్ధచంద్రాకారంలో మేకుల వరుస. ఆ ఆకారం అలంకారం కాదు. కేంద్రం నుండి చాపం మీది ప్రతి బిందువూ సమదూరంలో ఉంటుంది గనుక పోగులన్నీ సమానమైన పొడవుతో వస్తాయి. పోగుల కట్టను మడిచి కడితే ఒకే ముడి రెండు వైపులా ప్రతిబింబమై తేలుతుంది. సౌష్ఠవం ఇక్కడ అందమే కాదు, శ్రమను తగ్గించే ఉపాయం కూడా.

పడుగుకూ పేకకూ చిటికి కట్టే తేలియా రుమాలులో ఈ లెక్క మరింత జటిలం. రంగు పోగు రంగు పోగును కలిస్తే నిండు వర్ణం, తెల్ల పోగును కలిస్తే లేత ఛాయ, తెలుపూ తెలుపూ కలిస్తే తెలుపు. పోగు వెంట్రుకవాసి జరిగినా అంచు చెదరుతుంది. ఆ స్వల్పమైన చెదురు లెక్కకూ చేతికీ మధ్య మిగిలిన శేషం. దానిని అచ్చు గుడ్డ వట్టి అలంకారంగా అనుకరిస్తుంది. అందుకే అచ్చులో రూపం ఉంటుంది, కారణం ఉండదు.

ఒక చీరకు ఆసు పోయడానికి చేతిని వేల మార్లు అటూ ఇటూ తిప్పవలసి వచ్చేది. తల్లి పడే ఆ బాధను చూసి చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని రూపొందించారు. 2017లో ఆయనను పద్మశ్రీ వరించింది. యంత్రం శ్రమను తీసుకొన్నది గాని, చిటికి కట్టే వారి లెక్కను తీసుకోలేదు.

తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. పేరుకు రక్షణ కలిగినందుకు సంతోషించవలసిందే. అయితే పేరును కాపాడిన మాత్రాన విద్య నిలువదు. వస్త్రంతో పాటు దాని ముడుల లెక్కను కూడా నమోదు చేసి భద్రపరచిననాడే నేతగానిని శ్రామికునిగానే గాక శాస్త్రజ్ఞునిగానూ గౌరవించినట్లవుతుంది.