దోషమును అనిశ్చితియు

తెలుగున భౌతికశాస్త్రము నేర్చుకొను బాలునకు మొదట ఎదురగు ప్రకరణములు రెండు: కొలతలు, చలనము. ఈ రెంటిని మన పాఠ్యపుస్తకములు బోధించు తీరును గూర్చి మేమిచ్చట కొంత విమర్శింపదలచితిమి. సూత్రములు తప్పని మా యభియోగము కాదు. లెక్కలును సరిగనే యున్నవి. లోపము మాటలయందును దృష్టాంతములయందును ఉన్నది. అది చిన్నదిగ కనబడినను దాని ఫలము బాలుర సత్యనిష్ఠవఱకు పోవుచున్నది.

ముందు మెచ్చదగినదానిని మెచ్చుదము. దిశతో పనిలేని గమనమునకు ‘వడి’ అను తేటతెలుగు మాటను, దిశతో కూడినదానికి ‘వేగము’ను, వేగము మాఱు రేటునకు ‘త్వరణము’ను నిలుపుటవలన మూడు భావములకు మూడు పేర్లు కలిగినవి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకములు ఇట్టి పరిభాషను కళాశాలలలో వ్యాపింపజేసినవి. అయితే ‘వేగము’ పాతమాట. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున దానిని సంస్కారములలో నొకటిగా, అనగా కదలు ద్రవ్యమునందు నిలిచియుండు గుణముగా, లెక్కించెను. వాడుకలోనో అది కేవలము త్వర. ఈ రెంటియందును దిశ ప్రధానము కాదు. కావున నిర్వచన మొక్కటి చెప్పి యూరకున్నచో బాలునకు వడియు వేగమును పర్యాయపదములుగనే తోచును. భేదమును నాటవలసినది దృష్టాంతము.

ఆ దృష్టాంతము మన పుస్తకములలో తఱచుగా రైలుబండి. నాగాయలంక బాలుడు రైలుబండిని చూడవలెనన్న దివిసీమ దాటిపోవలెను. కృష్ణ పోటును ఆటును మాత్రము ఇంటిముంగిటనే చూచుచున్నాడు. నిలుకడనీటిలో గంటకు 5 కిలోమీటర్లు పోవు పడవ, 2 కిలోమీటర్ల ప్రవాహమునకు వాలుగా 7, ఎదురుగా 3 కిలోమీటర్ల వడితో సాగును. ప్రవాహము మాఱలేదనుకొన్నచో 10.5 కిలోమీటర్ల దూరము పోవుటకు గంటన్నర, మరలివచ్చుటకు మూడున్నర గంటలు, వెరసి 5 గంటలు పట్టును. 7కును 3కును సగటు 5 గనుక సగటు వడి 5 అని బాలుడు తొందరపడును. లెక్క వేసిన 4.2 వచ్చును. పడవ బయలుదేఱిన రేవునకే చేరినది గనుక సగటు వేగము సున్న. ఒక్క పడవ ప్రయాణమున ఇన్ని సంగతులు తేటపడుచుండగా, కనబడని రైలుబండితో పనియేమి?

ఇంతకంటె గట్టి ఆక్షేపణ ‘దోషము’ అను మాటను గూర్చినది. కొలతల ప్రకరణమున క్రమదోషము, యాదృచ్ఛికదోషము, సాపేక్షదోషము, దోషశాతము. ఎటు చూచినను దోషమే. తెలుగువానికి దోషమనగా తప్పు, పాపము, జాతకమున కీడు. దోషమున్నచో పరిహారము చేయవలెను, లేదా దాచవలెను. ప్రయోగశాలలలో జరుగుచున్నది ఆ దాచుటయే. లోలకపు 20 డోలనముల కాలమును మూడుమాఱులు కొలిచిన పిల్లవాడు 40.1, 40.4, 40.2 సెకనులు వచ్చినచో, రెండింటిని చెఱిపి మూడుచోట్లను 40.2 అనియే వ్రాయును. కుదురైన పట్టికకు నిండు మార్కులు. వాడు అబద్ధమాడితినని ఎఱుగడు. దోషమును తొలగించితినని తలచును.

గడియారమును నొక్కు వ్రేలు కంటిచూపునకు సెకనులో ఇంచుమించు ఐదవవంతు వెనుకముందగును. అది యెవ్వరి తప్పును కాదు. ఆ తడబాటు 20 డోలనములకు పంచబడుటచేత ఒక్కొక్కదానికి సెకనులో నూఱవవంతై చిన్నబోవును. ఆవర్తనకాలము 2.01 సెకనులు, ఇటునటు 0.01. ఒక్క డోలనమును కొలువక ఇరువదింటిని ఏల కొలువవలెనో ఇందువలన తెలియును. మూడంకెలను ఒకటిగా దిద్దినవానికి అది యెట్లు తెలియును?

ఈ భేదము మన శాస్త్రములకు క్రొత్తది కాదు. అన్నంభట్టు అయథార్థానుభవమును సంశయము, విపర్యయము, తర్కము అని మూడుగా విభజించెను. ముత్యపుచిప్పను వెండి యనుట విపర్యయము. మసకవెలుగున కనబడునది మోడో మనిషియో అనుట సంశయము. మొదటి గీత అరిగిన కొలబద్ద ప్రతి కొలతను ఒకేవైపునకు త్రిప్పును. అది విపర్యయమువంటిది, దిద్దదగినది, దోషమనదగినది. మూడుమాఱులకు మూడు విలువలు వచ్చుట సంశయమువంటిది. దానిని పూర్తిగ పోగొట్టలేము, హద్దు కట్టగలము. ప్రాచీనులు సంశయమును యథార్థజ్ఞానమునకు వెలుపలనే ఉంచిరి. నేటి శాస్త్రము దానికి హద్దులు కట్టి, ‘ఈ రెండంకెల నడుమ’ అను వాక్యమునకు జ్ఞానపదవి నిచ్చినది.

పారిభాషికపదమునకు లోకవాడుకతో పనిలేదని కొందఱందురు. ఆంగ్లమునను ‘ఎర్రర్’ అనగా తప్పే కదా యందురు. కాని 1993లో అంతర్జాతీయ ప్రమాణసంస్థ ప్రకటించిన మార్గదర్శిక ‘ఎర్రర్’ను, ‘అన్‌సర్టెన్టీ’ని స్పష్టముగ వేఱుచేసినది. ‘అనిశ్చితత్వము’ అను మాట మన పుస్తకములలోను లేకపోలేదు. దానిని మూలకు నెట్టి దోషమునకు పీట వేయుటయే మా ఆక్షేపణ.

ఇది పండితుల పదచర్చ మాత్రమే యనుకొనరాదు. 1977 నవంబరు 19న ఉప్పెన ఈ దివిసీమను ముంచి వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. ఆ కెరటపు టెత్తు 5 మీటర్లని కొన్ని వ్రాతలు, 6 మీటర్లని కొన్ని వ్రాతలు చెప్పుచున్నవి. 2023 డిసెంబరు 5న బాపట్ల చేరువను తీరము దాటిన మిచౌంగ్ తుపాను గాలివడి గంటకు 90 నుండి 100 కిలోమీటర్లని వాతావరణశాఖవారు తెలిపిరి. ఆ ‘నుండి’ అను మాటను చదువ నేర్పని చదువు ఈ సీమలో దేనికి? తుపాను 120 కిలోమీటర్ల దూరమున నుండి గంటకు 12 మొదలు 15 కిలోమీటర్ల వడితో వచ్చుచున్నదనుకొందము. మన విద్యార్థి సగటు 13.5 తీసికొని 8.889 గంటలని మూడు దశాంశస్థానములవఱకు వ్రాసి సంతసించును. సరియైన సమాధానము 8 నుండి 10 గంటలు. పడవలను కట్టుకొనవలసినవారు 8 గంటలనే నమ్మవలెను. 8.889 అను అంకెను నమ్మి కూర్చున్నవారికి ముప్పాతిక గంటకు పైగా నష్టము కలుగవచ్చును; ఉప్పెనవేళ ముప్పాతిక గంట యెంతటిదో దివిసీమలో ఎవ్వరికిని చెప్పబనిలేదు.

కావున మా కోరికలు మూడు. దిద్దదగినదానినే దోషమనవలెను, మిగిలినదానిని అనిశ్చితి యనవలెను. ప్రయోగపట్టికలో అనిశ్చితికి ఒక గడి యుండవలెను, దానికి మార్కులుండవలెను. మూడు కొలతలు మూడు విధములుగ వచ్చిన పట్టికను చూచి ఉపాధ్యాయుడు కనుబొమలు ముడువక, ఎంత తేడా వచ్చెను, ఏల వచ్చెనని యడుగవలెను. మొదటి రెండింటికి పుస్తకములు మాఱువఱకు ఆగవలసియున్నను, మూడవది రేపటి ప్రయోగతరగతిలోనే మొదలుపెట్టవచ్చును.