పోయకండి, తాకించండి

"ఇంటికి తీసుకుపోండి" అని డాక్టరు అంటే దాని అర్థం వైరా, ఏన్కూరు, జూలూరుపాడు పల్లెల్లో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఊపిరి ఉండగానే సొంత గడప చేర్చాలని బండి మాట్లాడతారు. ఇక చేసేదేం లేదని డాక్టరు చేతులెత్తేసిన చోటే నర్సు పని మొదలవుతుంది. సూది వేయడం నేర్పినంత శ్రద్ధగా ఆ పని నేర్పడం లేదన్నది నా ఫిర్యాదు. 2021లో సవరించిన బీఎస్సీ నర్సింగ్ పాఠాల్లో, ముదిరిన జబ్బుల్లో బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ చేరింది, సంతోషమే. పుస్తకంలోకి రావడం వేరు, చేతికి రావడం వేరు.

తులసి తీర్థం సంగతే చూడండి. మింగలేని మనిషి నోట్లో అయినవాళ్లు ఒక్కొక్కరూ చెంచాడు పోస్తారు. అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. వద్దని కసిరితే కొడుకు గుండెలో జన్మంతా ముల్లు మిగులుతుంది. తెలిసిన నర్సు కసరదు. దూది తులసి నీళ్లలో ముంచి కొడుకు చేతికిచ్చి, "గొంతులో పోయకండి, పెదవికి తాకించండి" అంటుంది. ఎండిన నోరు తడుస్తుంది, ఆచారమూ నిలుస్తుంది. నోటి శుభ్రత పాఠాన్ని ఇలా చెబితే ఏ విద్యార్థినీ మరవదు.

గొంతులో గురగుర మొదలైతే ఇంటిల్లిపాదీ బెదిరిపోతారు. తల కాస్త ఎత్తి, మనిషిని పక్కకు ఒత్తిగిలించాలి. ఆ చప్పుడు వినేవాళ్లను బాధించినంతగా రోగిని బాధించదని నెమ్మదిగా చెప్పాలి. ఊపిరి ఆగి ఆగి వస్తుందని, పాదాలు చల్లబడతాయని ముందే చెప్పి ఉంచితే సగం భయం పోతుంది.

నొప్పికి నోటి ద్వారా ఇచ్చే మామూలు మార్ఫిన్ దాదాపు నాలుగు గంటలు పనిచేస్తుంది. నొప్పి ముదిరేదాకా ఆగకుండా గడియారం చూసి ఇవ్వాలి, దానితోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా. అయితే మందుకు లొంగని నొప్పీ ఉంటుంది. నర్సుగా మొదలై, ఆపైన డాక్టరై, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ చెప్పింది అదే: ఒంటి నొప్పి, దిగులు, బంధాల బాధ, నమ్మకాల కలత అన్నీ కలిసిన ఒకే నొప్పి అది. చిన్నకూతురు పెళ్లి కాలేదన్న బెంగ మార్ఫిన్‌కు తగ్గదు.

అన్నిటికన్నా కష్టం మాట. "బిడ్డా, నేను బతుకుతానా?" అని తాత అడిగితే, "నీకేం కాదు తాతా" అనేసి తప్పుకోవడం పందొమ్మిదేళ్ల పిల్లకు సహజం. తరగతిలో ఒకరు తాతగా, ఒకరు నర్సుగా కూర్చుని ఈ ముక్క పదిసార్లు ఆడాలి. మంచం పక్కన కూర్చోవాలి. "ఎందుకట్లా అనిపిస్తోంది తాతా?" అని అడిగి ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే అభ్యాసం. ఈ ప్రాంతంలో చివరి గంటల్లో లంబాడీలోకో కోయలోకో మళ్లిపోయేవాళ్లుంటారు. ఆ భాష వచ్చిన పిల్ల తరగతిలో ఉంటే ఆ రోజు ఆమే టీచరు.

తెలంగాణ ప్రభుత్వ 'ఆలన' బండ్లు మంచం పట్టినవాళ్ల ఇళ్లకే వెళ్తాయి. విద్యార్థినులను వాటిలో ఎక్కించాలి. వార్డులో కనబడని వంటిల్లు, కోడలి నిద్రలేమి అక్కడ కనబడతాయి.

మొదటి మరణం చూసిన రాత్రి ఆ పిల్ల బాత్రూంలో ఏడుస్తుంది. "అలవాటైపోతుందిలే" అనకుండా పక్కన కూర్చునే సీనియర్ కావాలి. ఆ సీనియరే తర్వాతి మరణం వేళ ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి, గొట్టాలు తీయడం, కళ్లు మూయడం, దవడ కట్టడం, తడిబట్టతో ఒళ్లు తుడవడం చూపిస్తుంది. ప్రాణం లేని మనిషితోనూ ముందే చెబుతుంది: "తాతా, ఇటు తిప్పుతున్నాం."