ఆపడం వేరు, తెంచడం వేరు

నంద్యాల, ఆళ్లగడ్డల నడుమ కొత్తపల్లె లాంటి ఊళ్లో కరెంటు ఆపే సరంజామా చాలా చోట్ల కనిపిస్తుంది. ఇంటి గోడకు స్విచ్ బోర్డు, మీటరు పక్కన ఎంసీబీల డబ్బా, పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇనప పెట్టె, కంచె వెనక సబ్‌స్టేషన్. తేడా సైజులోనే ఉందనుకుంటాం. అసలు చూడాల్సింది వేరే ఉంది: అది మామూలు కరెంటును ఆపేదా, అదుపు తప్పిన కరెంటును తెంచేదా?

ఫ్యాను స్విచ్ ఆపేది అర ఆంపియరు కూడా ఉండదు. షార్ట్ సర్క్యూట్ అయితే ఆ స్విచ్ చేయగలిగిందేమీ లేదు. ఆ పని డబ్బాలోని ఎంసీబీది. లోడు మెల్లగా పెరిగితే లోపలి లోహపు పట్టీ వేడికి వంగి విడిపిస్తుంది. షార్ట్ అయితే కాయిల్ ఒక్క లాగు లాగుతుంది. దాని ముఖం మీద చిన్న గడిలో 6000 అనో 10000 అనో ఉంటుంది. ఎన్ని ఆంపియర్ల వరకూ ప్రమాదం లేకుండా తెంచగలదో చెప్పే అంకె అది. కొనేటప్పుడు దాన్ని చూసేవాళ్లు అరుదు.

రైసు మిల్లులో మనిషెత్తు మెయిన్ ప్యానెల్ పని ఇంకా పెద్దది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే మొత్తం కరెంటు అక్కడ బస్‌బార్ల మీదికి చేరి, విభాగానికో బ్రేకరు చొప్పున చీలుతుంది.

అసలు చిక్కంతా పొలం పెట్టెలో ఉంది. కర్నూలు-కడప (కేసీ) కాలువ నీళ్లు అందని చేలకు బోర్లే దిక్కు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఫేజుకు ఇవ్వగలిగేది 33 ఆంపియర్లే. ఐదు హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఏడెనిమిది ఆంపియర్లు తీసుకుంటుంది. నేరుగా స్టార్ట్ చేస్తే ఆ క్షణాన ఐదారు రెట్లు. వ్యవసాయానికి కరెంటు గంటల లెక్కన వస్తుంది కాబట్టి స్టార్టర్లకు ఆటోమేటిక్ పెట్టుకుంటారు. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారి లేస్తాయి, ఫ్యూజు పోతుంది. సన్న తీగ ఉండాల్సిన చోట అల్యూమినియం పోగులు మెలేసి బిగిస్తారు. ఇక ఆ పెట్టెలో ఫ్యూజు లేనట్టే. పైరు ఎండుతుంటే రైతుకు కంగారే, కాదనను. కానీ ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఎండేది ఒక్కరి చేను కాదు. ఫేజుకొకటి చొప్పున ఉండే మూడింటిలో ఒక్క ఫ్యూజే పోయినా మోటారుకు గండమే. రెండు ఫేజుల మీద మూలుగుతూ తిరిగి వైండింగ్ మాడుతుంది. అనుభవమున్న వైర్‌మన్ ఆ మూలుగు వినగానే స్టార్టరు ఆపేస్తాడు.

సబ్‌స్టేషన్‌లో 33 కేవీ లైను 11 కేవీకి దిగుతుంది. అక్కడి సరంజామా మొత్తం కలిపి స్విచ్‌గేర్. ఎక్కడో తీగ తెగి పడితే ఆ తేడాను సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) పసిగడుతుంది, రిలే తేల్చుకుంటుంది, వాక్యూమ్ బ్రేకరు తెరుచుకుంటుంది. గాలి తీసేసిన సీసాలో కాంటాక్టులు విడిపోయేది సుమారు ఒక సెంటీమీటరు. మన కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది. అలాంటి ఒక సున్నా దగ్గర కాంటాక్టుల మధ్య లేచిన మెరుపు ఆరిపోతుంది.

అంత సత్తా ఉన్న బ్రేకరైనా లైన్‌మన్ దాన్నొక్కదాన్నే నమ్ముకోడు. లోపల కాంటాక్టులు నిజంగా విడిపోయాయో లేదో బయటికి కనపడదు. అందుకే స్తంభం మీద ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్ ఉంటుంది. లోడు మీద దాన్ని లాగితే మంట లేస్తుంది, తెంచే శక్తి దానికి లేదు. కానీ మూడు కత్తులూ గాల్లో విడిపోయి ఉండటం కింద నుంచే కనిపిస్తుంది. ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకునేటప్పుడు ముందు సబ్‌స్టేషన్‌లో బ్రేకరు తీయాలి, తర్వాతే ఏబీ స్విచ్. కరెంటు ఇచ్చేటప్పుడు ముందు ఏబీ స్విచ్, చివర బ్రేకరు. ఇంత చేశాక కూడా తీగల మీద టెస్టరు పెట్టి చూసి, పని చేసే చోటికి రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలిస్తారు. ఏ ఇంటి జనరేటరో ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి 11 కేవీ తోస్తే, బ్రేకరు గానీ ఏబీ స్విచ్ గానీ దానికి అడ్డం పడేవి కావు.