బొమ్మ దించడం, చూసి గీయడం

ఎనిమిదో తరగతిలో కణం పాఠం అయిపోగానే మన ఆశ్రమ పాఠశాలల్లో ఏ గోడ చూసినా ఒకే చార్టు. ఎడమపక్క గుండ్రంగా జంతుకణం, కుడిపక్క ఇటుకలాగా వృక్షకణం. మధ్యలో కేంద్రకం, చుట్టూ మైటోకాండ్రియా, పచ్చరంగు హరితరేణువులు, స్కేలుతో గీసిన గీతల చివర పేర్లు. సైన్సు ప్రదర్శన ఉందంటే అదే బొమ్మ థర్మోకోల్‌లో లేస్తుంది. అందంగా ఉంటాయి, కాదనం. సైన్సునీ చిత్రకళనీ కలిపి బోధించామని నివేదిక కూడా వెళ్తుంది. ఈ కలయికలో సైన్సు అంతంతమాత్రమే, కళ అసలు లేదు అని మా అభిప్రాయం.

ఉల్లిపొర ప్రయోగమే తీసుకుందాం. ఉల్లి రేకు నుంచి పల్చటి పొర ఒలిచి, గాజుపలక మీద నీటిచుక్కలో పరిచి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూడాలి. బడిలో ఉండే పరికరంలో కనిపించేవి ఒకదానికొకటి ఆనుకున్న పొడుగాటి గదులు, వాటి గోడలు, రంగు పట్టిన కేంద్రకం. అంతే. వెలుతురు తగలని ఆ తెల్ల రేకుల్లో హరితరేణువులు ఉండవు. మైటోకాండ్రియా ఉంటాయి గానీ ఆ కటకాలకు అందవు. అయినా పిల్లల రికార్డుల్లో అన్నీ ఉంటాయి, పచ్చ స్కెచ్‌తో సహా! పుస్తకంలో బొమ్మ ముందే ఉంది కాబట్టి చూడకముందే దించడం అయిపోతుంది. కనిపించింది మాత్రమే గీసిన పిల్లకి 'అసంపూర్తి' అని మార్కులు కోస్తే, ఆ పిల్ల ఇంకోసారి కళ్లు పెట్టి చూస్తుందా? సూక్ష్మదర్శిని బీరువాలో తాళం కింద ఉండే బడుల సంగతి చెప్పనే అక్కర్లేదు.

1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను చూసి గీసిన బొమ్మలో కేంద్రకం లేదు. ఉన్నవి ఖాళీ గదులు, చచ్చిన కణాల గోడలు. అందుకే చిన్న గది అనే అర్థంలో 'సెల్' అన్నాడు. మనకు వచ్చిన మాట 'కణం'. దానికి రేణువు, నలుసు అని అర్థం. భౌతికశాస్త్రంలో పదార్థపు నలుసుకీ అదే మాట. ఇంట్లో సవరో కువియో కోయో మాట్లాడుతూ తెలుగును బడిలో నేర్చుకున్న పిల్లకి ఈ రెండు కణాలూ ఒకటే అనిపిస్తాయి. మన భాషల వాచకాలు ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయాయి గనుక ఆ చిక్కు విప్పే మాట ఇంటి భాషలో చెప్పేవారు ఉండరు. బొమ్మ అక్కరకొచ్చేది ఇలాంటి చోటే. గోడ గీయించి, పక్క గది గీయించి, వాటి మధ్య సందు లేదని చూపిస్తే నలుసు కాస్తా గది అవుతుంది.

స్పెయిన్ దేశపు రామన్ ఇ కహాల్ చిన్నప్పుడు చిత్రకారుడు కావాలనుకున్నాడు. వైద్యుడైన తండ్రి ఒప్పుకోలేదు. ఇటలీకి చెందిన గాల్జీ కనిపెట్టిన రంగు పద్ధతితోనే కహాల్ మెదడు పొరలను చూశాడు. గాల్జీకి నాడులన్నీ అల్లుకుపోయిన ఒకే వలగా తోచాయి, కహాల్ విడివిడి కణాలుగా గీశాడు. 1906లో నోబెల్ బహుమతి ఇద్దరికీ కలిపి ఇచ్చారు. నిలిచింది కహాల్ మాట. గీత ఎక్కడ ఆగిందన్నదే వాళ్ల మధ్య తగువంతా.

ఈ మధ్య ఇంకో పోకడ వచ్చింది. కణం బొమ్మ చుట్టూ సవర బొమ్మల అంచు వేయించి, గిరిజన కళతో జీవశాస్త్రం అంటున్నారు. ఇది మాకు నచ్చలేదు. సవరల గోడబొమ్మకు దాని పని దానికి ఉంది. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో, చనిపోయిన పెద్దల కోసమో, దేవతల కోసమో, జబ్బు చేసినప్పుడో వేస్తారు. ముందు ఇల్లులాంటి చట్రం, దానిలోపల మనుషులు, జంతువులు, చెట్లు. దాన్ని పట్టుకొచ్చి మైటోకాండ్రియా చుట్టూ పూలదండలా వేలాడదీయడం మర్యాద కాదు. కణం గురించి మన తాతలకు ముందే తెలుసు అనే గొప్పలూ మనకు వద్దు. ఆ బొమ్మలో తరగతికి పనికొచ్చేది దాని నింపుడు. పుస్తకంలోని కణం సగం ఖాళీ, చెరువులో నాలుగు చేపల్లా అంగాలు తేలుతుంటాయి. డేవిడ్ గుడ్సెల్ అనే అమెరికా శాస్త్రవేత్త కణం లోపలిని కొలతల ప్రకారం నీటిరంగుల్లో వేస్తారు. అందులో ప్రొటీన్లు సంతరోజు జనంలా కిక్కిరిసి ఉంటాయి. చట్రం నిండా మనుషుల్ని నింపడం చూసిన పిల్లకి ఆ కిక్కిరింత కొత్తేమీ కాదు.

ఇంతగా ఎందుకు పట్టించుకుంటున్నామో చెప్పాలి. సికిల్‌సెల్ రక్తహీనత మన ఏజెన్సీల్లో ఉంది. 2047 నాటికి దాన్ని లేకుండా చేస్తామని 2023 జులైలో కేంద్రం జాతీయ మిషన్ మొదలుపెట్టింది. శిబిరాల్లో రక్తం పరీక్షించి కార్డులు ఇస్తున్నారు. చాలా ఇళ్లల్లో ఆ కార్డు చదవగలిగేది బడికెళ్లే పిల్ల ఒక్కతే. చార్టులో ఆమె నేర్చుకున్న కణానికి కేంద్రకం ఉంది. ఎదిగిన ఎర్ర రక్తకణానికి కేంద్రకం ఉండదు. అది రెండు వైపులా నొక్కిన మెత్తటి బిళ్ల, సన్నటి నాళాల్లో వంగి దూరుతుంది. ఈ జబ్బులో ఆక్సిజన్ వదిలిన హిమోగ్లోబిన్ పోగులుగా పేరుకుని కణం కొడవలిలా వంగి బిరుసెక్కుతుంది, నాళంలో ఇరుక్కుంటుంది. నొప్పులు అందుకే. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఇది 10 నుంచి 20 రోజులే. రక్తం చాలకపోవడం అందుకే.

కొడవలి వంపు మన పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇరుకు నాళంలో బిళ్లలు జారిపోవడం ఒక బొమ్మ, కొడవళ్లు చిక్కుకోవడం ఇంకో బొమ్మ. ఈ రెండూ తన చేత్తో గీసిన పిల్ల, తమ్ముడు బడి ఎగ్గొట్టడానికి నొప్పులు నటిస్తున్నాడనే వార్డెన్‌కు జవాబు చెప్పగలదు. వాహకులకు మామూలుగా జబ్బు లక్షణాలు ఉండవనీ, తల్లీతండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటనీ గళ్లు గీసి ఇంట్లో చూపించగలదు. ఇవి తెలియకపోతే ఆ కార్డు పిల్లమీద ముద్రగా మిగులుతుంది.

టీచర్లను మేము అడిగేది రికార్డులో రెండు పేజీలు. ఎడమ పేజీలో కనబడింది మాత్రమే, పేర్లు లేకుండా. కుడి పేజీలో పుస్తకం బొమ్మ. మార్కులు రెండింటికీ తేడా చెప్పినందుకు. సూక్ష్మదర్శిని లేనిచోట మను ప్రకాష్ బృందం స్టాన్‌ఫర్డ్‌లో తయారుచేసిన కాగితపు ఫోల్డ్‌స్కోప్ తెప్పించుకోవచ్చు. డ్రాయింగ్ మాస్టారు లేని బడికి ఊళ్లో గోడబొమ్మలు వేసే పెద్దల్ని పిలవండి. వాళ్లకు కణం తెలియనక్కర్లేదు. ఏది ముందు గీస్తారు, చెయ్యి ఎక్కడ ఆపుతారు అని పిల్లల చేత అడిగించండి. ఆ రోజు కూలీ, బస్సు ఛార్జీ బడి నిధుల్లోంచి ఇవ్వండి.