అర్థశాస్త్ర బోధనము - తరగతిలోని సంత

మన విశ్వవిద్యాలయములలో అర్థశాస్త్రము చదువువారు పెక్కుమంది, ప్రీతితో చదువువారు కొలదిమంది. గిరాకి రేఖయు సరఫరా రేఖయు ఖండించుకొనుచోట ధర నిలుచునని వల్లెవేయుదురు, పరీక్షలో గీయుదురు, పిమ్మట మరతురు. లోపము శాస్త్రమున లేదు, బోధనమున నున్నది.

ఈ లోపమును దీర్ప నమెరికా పండితులు తరగతినే సంతగా మార్చిరి. కొందరు విద్యార్థులు అమ్మువారు, కొందరు కొనువారు. ఎవరి హద్దుధర వారి చీటిలో గోప్యముగా నుండును. హార్వర్డులో ఎడ్వర్డు చేంబర్లిను ఇట్లాడించి, శాస్త్రోక్తమైన ధర నిలువలేదని 1948లో ప్రకటించెను. ఆయన తరగతిలో నీ యాటాడిన వెర్నను స్మిత్తు, బేరములను బహిరంగముగా పలికించి, ఆటను మరల మరల నాడించి, ధర క్రమముగా నా స్థానమునకే చేరునని 1962లో చూపెను. 2002లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. సంతకు గల నియమము మారినచో ఫలమును మారునను సత్యమును విద్యార్థి యిందు స్వయముగా గ్రహించును. ఇది యీ పద్ధతి గుణము.

దోషమును గలదు. ఆటలో ధర నచ్చనివాడు అమ్మక యూరకుండవచ్చును. మా కాశిబుగ్గ చెంతనున్న ఎనుమాముల మార్కెట్టులో మిరప బస్తాలు దించిన రైతు అట్లుండగలడా? బండి కిరాయి చెల్లింపవలెను. అడ్తిదారునొద్ద తెచ్చిన యప్పు తీర్పవలెను. జెండాపాట యానాటి మేలిసరకునకు పలికిన పైధర. తక్కిన సరకు తేమయనియు తాలనియు దానికి దిగువనే పోవుచుండును. ఈ సంగతి రేఖలలో గానరాదు, చీటిలోను లేదు.

కావున మా సూచన యిది. కొందరు అమ్మువారి చీటిలో "సాయంకాలములోపల అప్పు తీర్పవలెను" అని వ్రాయుడు. ఒకని అడ్తిదారుని జేయుడు. మరికొందరికి సరకును శీతల గిడ్డంగిలో నుంచుకొను వెసులుబా టిండు. ముగ్గురికిని వచ్చిన ధరలను పలకపై వ్రాసి భేదమునకు గారణ మడుగుడు. అటుపిమ్మట వారిని యార్డునకు గొనిపొండు. 1976లో నేర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయ మీ నగరముననే యున్నది గదా! చర్చ తెలుగున సాగుట మేలు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ప్రథమోపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆంగ్లవిద్యాపారంగతులయ్యు అర్థశాస్త్రమును తెలుగుననే రచించిరి.

బిడ్డలను కళాశాలకు బంపు గృహస్థులు మార్కుల నడిగినట్లే యీ విషయమును నడుగవలెను. ఇట్లు చదివినవాడు రేపు బ్యాంకులో నధికారియై కూర్చున్ననాడు, తక్కువకేల అమ్మితివని రైతును గద్దింపడు. అమ్మక నిలువదగిన యప్పు సకాలమున నిప్పించును.